సీనియర్ గారికి ఒంట్లో బాగోలేదండి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మొన్న పలాస కోర్టు హాల్లో సంతాప సభ పెట్టి మా సీనియర్ గారి కళ్ళు చారెడు కాదు, చేటంత చేశారు. ఒకాయన లేచి న్యాయదేవత ముద్దుబిడ్డ అన్నాడు. ఇంకొకాయన పేదల పాలిటి పెన్నిధి అన్నాడు. బార్ ప్రెసిడెంటు గారైతే, "చివరి రోజు దాకా ఆరోగ్యంగా, హుషారుగా తిరిగిన మనిషి, ఒక్కసారిగా గుండె ఆగిపోయింది" అని గొంతు జీరబోయేలా చెప్పారు. వెనక వరసలో కూర్చున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎందుకంటే ఆ హాలు బయట, వరండా బల్ల మీద, ఒక పిన్ని కూర్చుని ఉంది. వజ్రపుకొత్తూరు వైపు పల్లె ఆవిడది. మొగుడు పోయాడు, ఆయన వాటా కొబ్బరితోట మరిది చేతిలో ఉండిపోయింది. దాని మీదే దావా, ఆవిడ వకీలు మా సీనియర్ గారే. ఆ రోజు కోర్టులో ఆవిడ సాక్ష్యం ఉంది. కానీ వకీలెవరైనా పోతే సంతాపంగా ఆ రోజు మిగతా వకీళ్ళెవరూ పని చెయ్యకూడదని మా బార్ ఆచారం. అంటే ఆవిడకి మళ్ళీ వాయిదా. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి ఆవిడకి వాయిదాలే ఇప్పించాడు. పోతూ పోతూ కూడా ఒకటి ఇప్పించి పోయాడు.

ఆయన పేరు రాయను. దండ వేసిన పటంతో నాకు తగువు లేదు. తగువంతా ఆయనతోనే, ఆయన లేకుండా పోయాడు.

మా వృత్తిలో మొదటి ఉద్యోగానికి దరఖాస్తు ఉండదని నల్లకోటు కుట్టించుకున్నాక గానీ నాకు తెలియలేదు. ఎవరో ఒక సీనియర్ "రా అమ్మా, కూర్చో" అనాలి. అంతే. ఆ ఒక్క మాట కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాను. మాది కవిటి. మా వంశంలో కోర్టు మెట్లెక్కినవాళ్ళంతా తగువు పడి ఎక్కినవాళ్ళే, కోటు వేసుకుని ఎక్కినవాళ్ళు లేరు. విశాఖలో లా చదివి, ఫైలు చంకన పెట్టుకుని, సోంపేట నించి టెక్కలి దాకా బస్సులెక్కి దిగాను. సోంపేటలో ఒకాయన నా మార్కుల జాబితా అటూ ఇటూ తిప్పి, "సంబంధాలు సూత్తన్నారేటమ్మా ఇంటికాడ?" అన్నాడు. టెక్కలాయన ఇంకా సూటి. "పోలీస్ స్టేషన్‌కి పంపలేను, పార్టీల ఊళ్ళకి పంపలేను. ఆడపిల్లని పెట్టుకుని ఏటి సేసుకోవాలమ్మా?" అన్నాడు. కూజాలా బల్ల మీద పెట్టుకోండి అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మరొకాయన చదువు సంగతే అడగలేదు. "ఎవుల తాలూకా?" అన్నాడు. ఎవరి తాలూకానో చెప్పాక, చూద్దాంలే అన్నాడు.

చివరికి కాశీబుగ్గలో ఈయన దగ్గరికి వచ్చాను. మేడ మీద ఆఫీసు, కింద జీడిపిక్కలు కాల్చే బట్టీ. గదిలో పుస్తకాలకీ కుర్చీలకీ ఆయన కోటుకీ అదే మాడు వాసన. ఆయన పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతున్నట్టు కుర్చీ అంచున కూర్చునేవాడు. కోటు జేబులో జీడిపప్పు బద్దలుండేవి. మాట్లాడుతూ ఒకటి నోట్లో వేసుకుని, ఎదుటివాళ్ళ చేతిలో ఒకటి పెట్టేవాడు. కోర్టులో పుస్తకం భాష, ఆఫీసులో ఉద్దానం భాష. నా ఫైలు తెరవలేదు. నా ముఖం వైపు చూశాడు, అదీ చాలాసేపు.

"ఏవూరు?"

"కవిటి సార్."

"నాను జడ్జీననుకో. సెప్పు. మా సీనియర్ గారికి ఒంట్లో బాగోలేదండి, వాయిదా ఇప్పించండి."

చెప్పాను.

"అలగ కాదమ్మా. బడిలో పాటం ఒప్పసెప్పినట్టు సెప్తావేటి? బాగోలేదండీ అన్నాక కొంచిం ఆగాల. తల దించాల. జడ్జీగారు నీ మొకం సూడ్డానికి టయిమివ్వాల. అప్పుడు వాయిదా మాటెత్తాల. ఏదీ, మళ్ళీ."

మళ్ళీ చెప్పాను. ఆగి, తల దించి, మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, కచేరీ వింటున్నట్టు తలూపి, నా చేతిలో జీడిపప్పు బద్ద పెట్టాడు.

"రేపొచ్చీ. నీ మొకం సూత్తే ఏ జడ్జీకయినా జాలేత్తాది. అలాంటి మొకం డబ్బులిచ్చినా దొరకదు."

నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ దేవుడికి దీపం పెట్టింది. నా చదువుకి కాదు, నా ఏడుపు మొహానికి ఉద్యోగం వచ్చిందని అమ్మకి చెప్పలేదు. చెప్పుకునే మాటా అది!

ఆయన పద్ధతి చిన్నది. ఎవరొచ్చినా కాదనడు. పలాసలో, టెక్కలిలో, సోంపేటలో, మూడు ఊళ్ళలోనూ కేసులు ఒప్పుకుంటాడు. మనిషి ఒక్కడు. ఆయన ఒక కోర్టులో ఉంటే మిగతా కోర్టుల్లో జూనియర్లం నిలబడి, ఒంట్లో బాగోలేదంటాం. దిట్టంగా గుండ్రాయిలా ఉన్న మనిషికి మా నోట జ్వరాలు, విరేచనాలు, బీపీలు, నడుం నొప్పులు రాని రోజు లేదు. ఒకసారి నేను పలాసలో ఆయనకి వైరల్ జ్వరం అని చెప్తుండగా, ఆయన కోర్టు గేటు అవతల బండి దగ్గర కొబ్బరిబొండం తాగుతూ కిటికీలోంచి కనపడ్డాడు. జడ్జి గారూ చూశారు. నా ముఖం చూసి, పాపం అనుకుని, వాయిదా ఇచ్చారు.

నేను సణిగితే ఆయన దగ్గర సూక్తి సిద్ధంగా ఉండేది. "వాయిదా అంటే ఓటమి కాదమ్మా, ఊపిరి. తీర్పొచ్చినోడు మళ్ళీ మన మెట్లెక్కడు. వాయిదా పడ్డోడు దినాం వచ్చి దండం పెడతాడు." ఇంకోటి కూడా అనేవాడు. "సాచ్చికానికి తొందరేటి? నిజం ఏటయినా కుళ్ళిపోయే చేపా?"

నిజం కుళ్ళదు. చెప్పే మనిషి కుళ్ళిపోతుంది. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ సంగతి వేరే చెప్పాలా?

ఈ పిన్నికి కిడ్నీలు పోయాయి. మా వైపు ఆ మాట వింటే ఎవరూ అయ్యో అని కూడా అనరు, ఏ ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్ దొరికింది అని అడుగుతారు. మొగుడూ మరిదీ తోట పంచుకున్నది నోటిమాట మీద. కాగితం లేదు. పెద్దమనుషులు ఒక్కొక్కరే పోయారు. ఏ గట్టు దాకా ఎవరిదో, ఏ వరసలో మొక్కలు ఎవరు పాతారో చెప్పగలిగింది ఇక ఈవిడొక్కతే. ఆవిడ బోనెక్కి, తన మాట చెప్పి, ఎదుటి వకీలు ప్రశ్నలకి తన నోటితో జవాబులు చెప్పాలి. ఆ లోపల ఏమైనా అయితే ఆ మాటా పోతుంది, తోటా పోతుంది. అందుకే ఆవిడ మిషన్ లేని రోజుల్లో ఆటో ఎక్కి వచ్చేది. వాచిన కాళ్ళు బల్ల మీద చాపుకుని, పిలుస్తారని చూసేది. పిలిచేవారు. నేను లేచి, తల దించి, ఒంట్లో బాగోలేదనేదాన్ని. ఆ హాల్లో ఎవరికి ఒంట్లో బాగోలేదో గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"సార్, నేనే ఆవిడ సాక్ష్యం నడిపిస్తాను. మీరు రానక్కర్లేదు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"నీ మొకం వాయిదాకి బాగుంటాదమ్మా, సాచ్చికానికి పనికి రాదు" అని నవ్వాడు. పైగా వకాలత్ మీద ఆయన పేరొక్కటే. జూనియర్ల పేర్లు రాయించడు. రాస్తే రెక్కలొస్తాయట.

కొన్నాళ్ళకి ఒక వింత జరిగింది. ఆయన సూక్తులు తగ్గాయి, ముఖం నల్లబడింది, కొబ్బరిబొండం మానేశాడు. పొద్దున్నే ఫోన్ చేసి, "ఒంట్లో బాగోలేదని సెప్పకమ్మా. హైకోర్టు పని మీద ఎల్లినారని సెప్పు" అన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడూ హైకోర్టే. గుండ్రాయిలా ఉన్నప్పుడు రోజుకో రోగం చెప్పించిన మనిషి, ఉన్నట్టుండి రోగం మాటే ఎత్తనివ్వడం లేదేమిటా అనుకున్నాను. పెద్ద కేసేదో తగిలింది కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు సంతకాలకి ఫైలు పట్టుకుని రమ్మన్నాడు, ఆఫీసుకి కాదు, టెక్కలికి. "ఆస్పత్రి ఎనక గేటుకాడికి రా. ఎవులయినా అడిగితే సుట్టం అను" అన్నాడు. వెళ్ళాను. డయాలసిస్ గది. వరసగా మంచాలు, మంచానికో మిషన్. కిటికీ పక్క మంచం మీద ఆయన. తలకి మంకీ టోపీ, ముక్కుకి మాస్కు, చేతికి గొట్టాలు. సెలైన్ స్టాండుకి ఆయన నల్లకోటు వేలాడుతోంది. ఇక్కడి నుంచి సరాసరి కోర్టుకి పోవడానికట. ఎప్పుడు చూసినా కుర్చీ అంచునే ఉండే మనిషి, మంచం మధ్యలో కదలకుండా పడి ఉన్నాడు. నాకు నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అప్పుడు పక్క మంచం మీంచి, "పాపా, నువ్వేటిలగొచ్చినావు?" అని వినపడింది. చూస్తే మా పిన్ని. పలాసలో ఖాళీ లేక ఆవిడకి టెక్కలి ఇచ్చారట. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "బాబూ, నా కేసెప్పుడు తెములుతాది?" అంది.

ఆయన మాస్కు కిందికి లాగి, నాతో అన్నాడు. "వచ్చే వాయిదాకి తయారని సెప్పమ్మా."

పక్క మంచం మీద ఉన్న మనిషికి నేను చెప్పాలట! నా కళ్ళ నీళ్ళు అక్కడే ఎండిపోయాయి.

"సార్, అడ్వకేట్ కమిషనర్ని వేయిద్దాం. కోర్టే ఒక వకీలుని ఆవిడ దగ్గరికి పంపిస్తుంది. ఆయన ఇక్కడే కూర్చుని సాక్ష్యం రాసుకుంటాడు. ఎదుటి వకీలూ ఇక్కడికే వచ్చి అడుగుతాడు. ఒక్క పూటలో అయిపోతుంది. పిటిషన్ నేను రాసి తెస్తాను, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నాను.

"ఇక్కడికా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఆయన భయమంతా వినపడింది.

"పోనీ ఆవిడ ఇంటికి."

"ఇంటికయినా అంతే. ఏ ఆస్పత్రి, ఏ రోజు, ఏ పూట, అన్నీ పిటిషన్‌లో రాయాల. ఎదటోడు నిజమా కాదా అని ఇక్కడికే వచ్చి ఆరా తీత్తాడు. నన్ను సూత్తాడు. సాయంత్రానికి మూడు కోర్టుల్లోనూ తెలిసిపోద్ది. కిడ్నీలు పోయినోడికి కేసెవుడిత్తాడమ్మా? రేపుంటాడో ఉండడో అనుకోరేటి?"

"ఆవిడ రేపుంటుందో ఉండదో మీకు అక్కర్లేదా సార్?" అని అరిచాను. నర్సు వచ్చి గదమాయించింది. ఆయన మాస్కు పైకి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. అది చూసి జాలి పడకపోతే నేను మనిషినే కాదు. పడ్డాను. కానీ ఆ జాలితో నా కోపం ఆరలేదు, ఇంకా రగిలింది. తనకి వచ్చిన రోగమే ఆవిడకీ వచ్చింది, తన ఒంట్లోంచి పోతున్న నెత్తురే పక్క మంచం మీదా పోతోంది. ఆ మనిషికి కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది ఆ తొందర?

ఆ రోజే ఆయన ఆఫీసు మానేశాను. పిన్ని కేసు నాకివ్వాలంటే పాత వకీలుగా అభ్యంతరం లేదని వకాలత్ మీద ఆయన సంతకం పెట్టాలి. అడిగాను. కోర్టు వరండాలో ఎదురుపడినప్పుడల్లా అడిగాను. ఎంత మర్యాదగా నవ్వేవాడో! "పెడతానమ్మా, దానికేటి భాగ్యం? వచ్చే వాయిదాకి." జేబులోంచి జీడిపప్పు బద్ద తీసి నా చేతిలో పెట్టబోయేవాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. చివరి నెలల్లో ఆ బద్ద పట్టుకున్న వేళ్ళు కూడా వాచిపోయాయి. అయినా కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, గేటు దగ్గర నలుగురూ చూసేలా గట్టిగా నవ్వేవాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

ఆయన పోయిన కబురు తెలియగానే పిన్ని ఇంటికి వెళ్ళాను. వకీలు పోతే ఆయన వకాలత్ చెల్లదు. కొత్త వకాలత్ మీద ఆవిడ వేలిముద్ర వేయించుకున్నాను. అందులో నా పేరుంది. సాక్ష్యం రోజున ఆవిడని వాళ్ళ చెల్లెలు ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. వచ్చి చూస్తే హాల్లో పటం, దండ, అగరొత్తులు.

ఇదిగో ఇలా వెనక వరసలో కూర్చుని ఉడికిపోతుండగా సెక్రటరీ గారు నా పేరు పిలిచారు. "వారి ప్రియశిష్యురాలు రెండు మాటలు మాట్లాడతారు."

లేచాను. అలవాటు కొద్దీ, వాయిదాలు అడగడానికి నిలబడే చోటికే వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా, సభకి వచ్చి కూర్చున్న జడ్జి మేడం.

"మా సీనియర్ గారికి ఒంట్లో బాగోలేదండి" అన్నాను.

ఆగాను. తల దించాను. ఆయన నేర్పినట్టే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో, "దుఃఖంలో ఉంది పాపం" అన్నారు.

"వాయిదా కోసం కాదండి. నిజంగానే బాగోలేదు. హైకోర్టుకి వెళ్ళారని చెప్పిన రోజులన్నీ ఆయన టెక్కలిలో డయాలసిస్ మంచం మీద ఉన్నారు. మీకెవరికీ తెలియకూడదనుకున్నారు. తెలిస్తే మీరు కేసులు లాగేసుకుంటారని భయపడ్డారు. ఆ పక్క మంచం ఆవిడ బయట బల్ల మీద ఉంది. ఈ రోజు ఆవిడ సాక్ష్యం. ఆయన గుట్టు బయటపడకూడదని ఇన్నాళ్ళూ ఆవిడ సాక్ష్యం ఆగింది. ఇప్పుడు ఆయన కోసం మీరంతా పని మానేశారు కాబట్టి మళ్ళీ ఆగింది. ఇంకో వాయిదాకి ఆవిడ ఉంటుందని ఈ హాల్లో ఎవరైనా నాకు మాటివ్వగలరా?"

"ఇది సంతాప సభమ్మా, కోర్టు కాదు" అని సెక్రటరీ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాను. వకాలత్, కమిషనర్ పిటిషన్ తీసి బల్ల మీద పెట్టాను.

జడ్జి మేడం ఆ కాగితాలు అందుకుని తిరగేశారు. తర్వాత, "వకీళ్ళు పని మానితే మానారు. పిటిషన్ తీసుకోవడానికి నాకు అడ్డేమీ లేదు" అని, ఎదుటి వకీలు వైపు తిరిగారు. ఆయన మా సీనియర్ గారి పాత స్నేహితుడు. వాయిదా పడిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి క్యాంటీన్‌లో టీ తాగేవారు. ఆయన లేచి, దండ వైపు చూసి, నా వైపు చూసి, హాలంతా తననే చూస్తోందని గ్రహించి, "అభ్యంతరం లేదండి" అన్నాడు. అన్నాక ఎందుకో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జబ్బు సంగతి ఆయనకి నిజంగానే తెలియదు కాబోలు.

కమిషనర్ బుధవారం ఆస్పత్రికి వెళ్ళేలా ఉత్తర్వులు తీసుకుని బయటికి వచ్చాను. పిన్ని బల్ల మీద గోడకి ఆనుకుని ఉంది. నా వైపు చూసిన చూపులో సంతోషం లేదు.

"లోపల నీ గొంతే కదేటి పాపా? ఇన్నాను. పోయినోడి గుట్టు అలగ నలుగుర్లో ఇప్పేత్తారేటి?"

"మరేం చెయ్యమంటావు పిన్నీ?"

"నన్ను సెప్పొద్దన్నాడు ఆ బాబు. 'అప్పా, కోర్టుకాడ నన్నిక్కడ సూసినట్టు ఎవులితోనూ అనకు' అని సొంతక్క సెయ్యట్టుకున్నట్టు సెయ్యట్టుకున్నాడు. మాటిచ్చినాను. ఇదిగో, ఈ సెల్లితో కూడా అననేదు."

అరిచాను. "దానివల్లే నీ సాక్ష్యం ఆగిపోయింది! నీ తోట పోతుంది! తెలుసా నీకు?"

"తెలుసు" అంది. "ఆ బాబుని సూడ్డానికి ఎవులూ వచ్చీవోరు కాదు పాపా. ఇంటోల్ని కూడా రానిచ్చీవోడు కాదు. నాతోటే మాటాడీవోడు. ఒకపాలి జీడిపప్పు కూడా ఇచ్చినాడు. మనం తినకూడదు బాబూ అంటే, ఉంచు అప్పా, ఎవులికయినా ఇద్దువు అన్నాడు."

చెల్లెలు ఆటో పిలిచింది. పిన్ని నా భుజం పట్టుకుని లేచింది. మెట్ల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని అడిగింది.

"ఆ లాయర్లు ఎప్పుడొత్తారు?"

"బుధవారం. నువ్వు మిషన్ మీద ఉన్నప్పుడే."

"రమ్మను. కుర్సీలకి ఎతుక్కోవద్దను. నా పక్క మంచం ఇంకా ఎవులికీ ఇవ్వనేదు. అక్కడ కూకోమను."